ఆ రోజు పదకొండు నలభైకి

ఆ కోర్టులో ఆమెకి ఒక పేరు ఉండేది. ‘నో క్వశ్చన్స్’. పెట్టినవాడు టైపిస్టు. ఏడాది తిరిగేసరికి ఆమె ఆ టైపిస్టునే పెళ్ళి చేసుకోవాలనుకుంది. ఇందులో విడ్డూరం ఏమీ లేదు. మనల్ని ముందుగా ఏడిపించినవాళ్ళకే మనం తీరిగ్గా లొంగిపోతాం.

ఆ పేరు పుట్టిన రోజు జూన్ పదకొండు. పొద్దుటి నుంచీ వాన. కోర్టు హాలు మూల కారుతోందని బకెట్ పెట్టారు. అందులో పడే చుక్కలు జడ్జిగారి గొంతుకన్నా గట్టిగా వినిపిస్తున్నాయి. ఆమె వకీలై రెండు నెలలు. నల్లకోటు ఇంకా కొత్త, చేతులు వేళ్ళదాకా వస్తున్నాయి. ఎవరో షాపు అద్దం పగలగొట్టిన చిన్న కేసు ఆమెకి అప్పగించి, సీనియర్ పక్క కోర్టుకి వెళ్ళిపోయారు.

బోనులో ఉన్నవాడు వాచ్‌మన్. అద్దం పగలగొట్టినవాడి మొహం చూడలేదని పోలీసులకి చెప్పినవాడు, ఇప్పుడు పట్టపగల్లా చూశానంటున్నాడు. పోలీసుల దగ్గర చెప్పిన మాట చుట్టూ సీనియర్ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి ఇచ్చారు. “ఇది చదివి వినిపించు, వాడే కూలబడతాడు. కళ్ళు మూసుకుని చేసే పని,” అన్నారు.

ఆమె లేచింది. కళ్ళు మూసుకోలేదు, అదే పొరపాటేమో. వాచ్‌మన్ ఆమెను చూసి పాపం అన్నట్టు నవ్వాడు. కసురుకున్నా తట్టుకునేదేమో, ఆ జాలికి మాత్రం నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

“అడగండమ్మా,” అన్నారు జడ్జిగారు.

“నో... నో క్వశ్చన్స్ సర్.”

టైపిస్టు రెండు మాటలు కొట్టాడు. క్రాస్: నిల్. ఎదురు ప్రశ్నలు లేవని. కొట్టి, చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు ఆమె చెవిన పడింది.

కాసేపటికి అతను వరండాలోకి వచ్చాడు. ఆమె వానకేసి చూస్తూ ముక్కు తుడుచుకుంటోంది.

“మీ కాపీ మేడమ్. పట్టుకోండి, బరువేం ఉండదు.”

“ఎందుకు నవ్వారు?”

“నేనా? నవ్వలేదండీ. తుమ్మొచ్చింది. పొద్దున్నే తలస్నానం చేశాను, ఆరలేదు, ఫ్యాన్ కూడా నెత్తిమీదే...”

“అబద్ధం.”

“చూశారా! ఒక్క మాటకే సాక్షిని పట్టేశారు. మీకు క్రాస్ రాదని ఎవరన్నారు?”

ఆమెకి ఒళ్ళు మండింది. ఆ మంటలోనే నవ్వు కూడా వచ్చింది, అది దాచుకోవడానికి కాగితంలోకి చూసింది. చివర అతని చేత్తో రాసిన గంటలున్నాయి. వాంగ్మూలం మొదలు పదకొండు పది, ముగింపు పదకొండు నలభై. పక్కనే అతని పొట్టి సంతకం. ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది. మొదట కోపంతో దాచింది. తర్వాత ఎందుకు దాచిందో వేరే చెప్పాలా?

మధ్యాహ్నం కోర్టు ఖాళీ అయ్యే అరగంటలో పాఠాలు మొదలయ్యాయి. తొమ్మిదేళ్ళుగా సాక్షుల మాటలు టైపు కొట్టినవాడు. ఏ వకీలు ఎక్కడ తడబడతాడో, ఏ సాక్షి ఎక్కడ జారతాడో అతని వేళ్ళకి తెలుసు. తనే వెళ్ళి బోనులో నిలబడేవాడు. ఆమె కింద నిలబడి అడగాలి.

“చిన్న ప్రశ్న అడగండి. ఒక ప్రశ్నలో ఒకటే సంగతి. అవుననో కాదనో తప్ప వాడు ఇంకోటి చెప్పలేకుండా ఉండాలి.”

“కాగితం ఎప్పుడు తియ్యాలి?”

“తొందరపడకండి. ముందు తలుపులన్నీ ఒక్కోటీ మూసెయ్యండి. చూశావా? చూశాను. దగ్గర్నించేనా? దగ్గర్నించే. మర్చిపోలేదుగా? మర్చిపోలేదు. అన్నీ మూసుకున్నాక, అప్పుడు తియ్యండి ఆ పాత మాట. ముందే చూపించారో, ఏదో ఒక కిటికీలోంచి దూకేస్తాడు.”

“తీశాక, మరి అబద్ధం ఎందుకు చెప్పావని...”

“అయ్యో! ‘ఎందుకు’ అన్న మాట ఈ గదిలో అనకండి. ఎందుకని అడిగితే చాలు, వాడు గంటసేపు చెప్తాడు. మీరు మూసిన తలుపులన్నీ మీరే తెరిచినట్టు. జవాబు తెలియని ప్రశ్న అసలే వద్దు. కాగితం చూపించండి, కూర్చోండి. ఆ కూర్చోవడమే కష్టం మేడమ్. పేరున్న వకీళ్ళకే చేతకాదు.”

ఇంకో సంగతి కూడా నేర్పాడు. అబద్ధం ఆడేవాడికి ఖాళీ అంటే భయమట. అడగని వివరాలు తెచ్చి నింపుతాడట. నిజం చెప్పేవాడు ఉన్నానంటే ఉన్నాననే అంటాడు.

దానికి ఒక ఆట కనిపెట్టాడు. రోజూ ఓ కథ చెప్తాడు, అందులో ఒక్కటే అబద్ధం, ఆమె పట్టుకోవాలి. మొదట్లో ఆమె అన్నీ నమ్మేసేది. పదిరోజులకి సగం పట్టింది. నెల తిరిగేసరికి అతను నోరు తెరవగానే “అదే!” అనేది. అతను బోను కొయ్య మీద తల పెట్టుకుని నవ్వేవాడు.

ఒకరోజు కథ చాలా చిన్నది.

“నాకు మీరంటే ఏమీ లేదు. మొన్న వానలో మీ గొడుగు కింద నడిచినప్పుడు నా ఎడమ భుజం తడిసింది. నీలం చొక్కా. మూడో బొత్తాం ఊడి ఉంది. మీ గొడుగుకి ఒక ఊచ వంగింది. నాలుగు వీధులు నడిచాం. ఐదోది కూడా ఉంటే బాగుండుననుకున్నాను.”

ఆమె గొంతు వణకలేదు. నేర్చుకుంది కదా.

“అబద్ధం మొదటి వాక్యం,” అంది.

“ఇంకేమైనా ప్రశ్నలున్నాయా మేడమ్?”

“లేవు. నో క్వశ్చన్స్.”

బోనులో నిలబడి ప్రేమ ఒప్పుకున్నవాళ్ళు ఆ కోర్టు చరిత్రలో ఇంకెవరూ ఉండరు.

ఆ వారమే ఆమె మొదటిసారి నిజంగా క్రాస్ చేసింది. ఓ ఇంటి యజమానిని పదకొండు ప్రశ్నల్లో నోట మాట లేకుండా చేసి కూర్చుంది. జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూశారు. టైపు మిషను ఆ రోజు మోగినట్టు ఎప్పుడూ మోగలేదు.

ఇంట్లోవాళ్ళ దాకా వెళ్ళడానికి ఆరునెలలు పట్టింది. అతనికి తల్లి, అన్నయ్య. అన్నయ్య సామాన్లు చేరవేసే వ్యాన్ నడుపుతాడు. తండ్రి పోయాక బడి మానేసి, తమ్ముణ్ణి చదివించి, టైపు నేర్పించిందీ అతనే. ఆమెను చూడగానే, “మా వాడు నీ ముందు అబద్ధం ఆడలేడటగా లాయరమ్మా, బతికిపోయాం! మాకు ఇరవయ్యేళ్ళుగా చేతకాలేదు,” అన్నాడు. తల్లి పక్కన కూర్చోబెట్టుకుని తల నిమిరింది. “కోడలా” అని పిలవడానికి పెళ్ళిదాకా ఆగలేదు ఆవిడ.

ముహూర్తం ఇంకా రెండు నెలలుందనగా, సీనియర్ బల్ల మీదకి ఒక ఫైలు వచ్చింది.

ఇస్త్రీ చేసే ఆవిడ. నాలుగు రోడ్ల కూడలిలో బట్టల మూటతో రోడ్డు దాటుతుంటే వ్యాన్ గుద్దింది. కుడిచెయ్యి చక్రం కింద నలిగింది. వేళ్ళు ఇప్పుడు మూసుకోవు, తెరుచుకోవు. పరిహారం కోసం వేసిన కేసు. పాత వకీలు మధ్యలో వదిలేస్తే ఇక్కడికి తెచ్చుకుంది. దాటమని తనకి దీపం వెలిగిందనీ, వ్యాన్ ఎర్రదీపం దాటుకొచ్చిందనీ ఆవిడ మాట. కాదు, పచ్చదీపమేనని డ్రైవరు మాట. ఆ వానలో చూసిన బయటివాళ్ళు ఎవరూ లేరు.

డ్రైవరు పేరు చదివి ఆమె కాగితం బల్ల మీద పెట్టేసింది. అన్నయ్య.

మళ్ళీ తీసి సాక్షుల జాబితా చూసింది. రెండో సాక్షి, డ్రైవరు తమ్ముడు. వ్యాన్‌లో పక్క సీట్లో కూర్చుని పచ్చదీపం కళ్ళారా చూశాడట. ప్రమాదం జరిగిన సమయం పదకొండు నలభై. తేదీ జూన్ పదకొండు.

ఆ కూడలి కోర్టు నుంచి ఊరికి ఆ చివర. బస్సులో గంట.

అప్పుడామెకి వచ్చిన మొదటి ఆలోచన చెప్తే నవ్వుతారు. అయ్యో, ఇతనికి మనం కలిసిన రోజే గుర్తులేదే, అనుకుంది. సాక్ష్యం అబద్ధమన్నది రెండో ఆలోచన.

సాయంత్రం కోర్టు మెట్ల మీద అతన్ని పట్టుకుంది.

“మీ అన్నయ్య కేసు మా ఆఫీసుకి వచ్చింది.”

“తెలుసు. అన్నయ్య చెప్పాడు.”

“నువ్వు సాక్షివి.”

“ఊఁ.”

“నిజంగా ఆ వ్యాన్‌లో ఉన్నావా?”

“ఉన్నాను. కిటికీ పక్కన కూర్చున్నాను. అద్దం సగం దించి ఉంది, జల్లు లోపలికి కొడుతోంది. రేడియోలో ఏదో పాత పాట కూడా వస్తోంది...”

జల్లు, అద్దం, రేడియో. ఎవరు అడిగారని ఇవన్నీ?

“అలా చూడకు,” అని నవ్వాడు. “అక్కడ కంగారు పడేదేముంది? లేచి నిలబడు. నో క్వశ్చన్స్ అను. నీకు అలవాటేగా!”

వేళాకోళం అనుకుంది. అతను ఎప్పుడూ అలాగే మాట్లాడతాడు కదా అనుకుంది. మనసు ఒప్పుకోనప్పుడు బుద్ధి ఎన్ని సాకులైనా అందిస్తుంది.

సీనియర్ దగ్గర ఏదీ దాచలేదు. ఆయన అంతా విని చెయ్యి చాచారు.

“ఫైలు ఇచ్చెయ్. నేను చూసుకుంటాను.”

“వద్దు సర్. నేనే చేస్తాను.”

“ఎందుకమ్మా ఈ గొడవ నీకు?”

“మీరు అడిగితే చెప్తాడేమో గానీ, నా ముందు అబద్ధం చెప్పడు సర్. నన్ను చూసి ఆగిపోతాడు.”

“చెప్తే?”

“చెప్తే... కాగితం ఉంది.”

ఆయన చాలాసేపు పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నారు. “ఆవిడకి చెప్పు. ఆవిడ సరేనంటే చెయ్యి,” అన్నారు.

ఇస్త్రీ ఆవిడ దుకాణం అంటే ఒక బల్ల, ఒక పెట్టె. బల్ల ఖాళీగా ఉంది. ఆమె చెప్పిందంతా విని ఆవిడ ఎడమచేత్తో కుడిచేతిని ఒళ్ళోకి తెచ్చుకుంది.

“నీకు కాబోయేవాడా?”

“అవునండీ.”

“మరి అడుగుతావా తల్లీ?”

“అడుగుతాను.”

“తర్వాత నీ సంగతేంటి?”

ఆమె ఖాళీ బల్లకేసి చూసింది. ఆవిడే మళ్ళీ అంది, “సర్లే. అడుగు.”

ఆ రోజు కూడా వాన పడింది. వానకి సిగ్గూ శరమూ లేదు, ఎక్కడికి పడితే అక్కడికి వస్తుంది. కేసు పై అంతస్తు కోర్టులో. వెనక బెంచీలో అతని తల్లి, పక్కన అన్నయ్య. ముందు బెంచీ చివర ఇస్త్రీ ఆవిడ. వేరే టైపిస్టు, వేరే జడ్జిగారు. బోనులో మాత్రం ఎప్పుడూ ఉండేవాడే.

అతను అవతలి వకీలు అడిగినవాటికి పాఠంలా చెప్పాడు. వ్యాన్‌లో ఉన్నాను. పచ్చదీపం చూశాను. ఆవిడే హఠాత్తుగా అడ్డం వచ్చింది. ఆ చివరి మాటకి ఇస్త్రీ ఆవిడ తల వంచుకుంది.

“క్రాస్?” అన్నారు జడ్జిగారు.

ఆమె లేచింది. అతను ఆమెనే చూస్తున్నాడు. ఇప్పుడైనా ఆగిపో, అని ఆమె కళ్ళతో అడిగింది. కళ్ళతో అడిగినవి రికార్డులోకి రావు.

“మీరు ఈ భవనంలోనే కింది కోర్టులో టైపిస్టు, అవునా?”

అతని కనుబొమలు కొంచెం లేచాయి. ఆమె అడుగుతుందని అప్పుడే తెలిసినట్టుంది.

“అవును.”

“సాక్షులు చెప్పేది మీరే టైపు చేస్తారు?”

“అవును.”

“చివర సమయం వేసి సంతకం పెడతారు?”

“...అవును.”

“మీరు టైపు చేయని కాగితం మీద మీరెప్పుడూ సంతకం పెట్టలేదు?”

“లేదు.”

“తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా?”

“లేదు.”

“ఆ సమయాలు కూడా గడియారం చూసే వేస్తారు. అందాజుగా వెయ్యరు?”

“వెయ్యను.”

తలుపులు ఒక్కోటీ మూసుకుంటున్నాయి. ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. అందులో వణుకు లేదు, తొందర లేదు. ఈ గొంతు ఎవరిచ్చారో ఆలోచించకూడదనుకుంది.

“జూన్ పదకొండున పదకొండు నలభైకి మీరు వ్యాన్‌లో ఉన్నారు. అందులో సందేహం లేదు?”

అతను తల్లికేసి చూశాడు. అన్నయ్యకేసి చూశాడు. అప్పుడు చెప్పవచ్చు, గుర్తులేదని. పొరపాటు పడ్డానని. ఆమె కావాలనే ఆగింది. ఒక్క కిటికీ అతని కోసం తెరిచి ఉంచింది. గురువు చూస్తే తిట్టేవాడు.

“లేదు,” అన్నాడు. “కిటికీ పక్కనే కూర్చున్నాను.”

ఆమె కోర్టు ముద్ర ఉన్న కాగితం తీసింది. ఒక కాపీ అవతలి వకీలుకి, ఒకటి జడ్జిగారికి, ఒకటి బోనులోకి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు అతని వేళ్ళు తగిలాయి.

“ఇది కింది కోర్టులో ఒక వాచ్‌మన్ ఇచ్చిన వాంగ్మూలం. తేదీ చదవండి.”

“జూన్ పదకొండు.”

“సమయం?”

“మొదలు పదకొండు పది.” గొంతు సవరించుకున్నాడు. “ముగింపు... పదకొండు నలభై.”

“కింద సంతకం ఎవరిది?”

బెంచీలో తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టైపు మిషను ఆగి ఎదురు చూస్తోంది.

“నాది.”

ఎందుకు? ఆ మాట ఆమె నాలుక చివరికి వచ్చేసింది. ఎందుకు చెప్పావు? ఈ తేదీనా? ఇంకే రోజూ దొరకలేదా? అంత పెద్ద ప్రశ్నని పళ్ళ బిగువున ఆపి, ఆమె కూర్చుంది. నిజమే, కూర్చోవడమే కష్టం. ఇస్త్రీ ఆవిడ ఎడమచెయ్యి వచ్చి ఆమె మోకాలి మీద ఆనింది.

జడ్జిగారు ఏదో రాసుకున్నారు. రాసుకుని, ప్రమాణం చేసి చెప్పిన అబద్ధానికి ఏం జరుగుతుందో సాక్షికి తెలుసుకదా అన్నారు. తొమ్మిదేళ్ళు అదే హెచ్చరిక టైపు కొట్టినవాడికి తెలియకుండా ఉంటుందా!

వరండాలో తల్లి ఆమె పక్కనుంచే వెళ్ళింది. చూడలేదు. అన్నయ్య తల దించుకుని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అతను చివర వచ్చాడు. స్తంభం పక్కన నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా వాన చప్పుడు.

“బాగా చేశావు,” అన్నాడు. “తలుపులన్నీ మూశావు. ఒక్కటి వదిలేశావు గానీ.”

“నీ కోసం వదిలాను.”

“తెలుసు.”

జవాబు తెలియని ప్రశ్న వద్దని చెప్పాడు. ఆ ఒక్క పాఠం ఆమె ఆ రోజు పాటించలేకపోయింది.

“మనం కలిసిన రోజు అదేనని గుర్తులేదా నీకు?”

గుర్తులేదు అంటే చాలు. మర్చిపోయాను, బుద్ధిలేనివాణ్ణి, అన్నా చాలు. మతిమరుపునైతే క్షమించేయడానికి ఆమె సిద్ధంగా ఉంది. వారంరోజులుగా ఆ క్షమనే తయారుచేసుకుంటోంది.

అతను వానలోకి చూశాడు.

“గుర్తుంది,” అన్నాడు. ఒక్క వివరం కూడా చేర్చలేదు.

ఆమె అతనికేసి తిరిగింది.

“అన్నయ్య అడిగినప్పుడే గుర్తొచ్చింది. ఆ కాగితం సంగతి లోకంలో నీకొక్కదానికే తెలుసు. నీకైతే ఫరవాలేదనుకున్నాను. వాడు లేకపోతే నేను లేను కదా. నా కోసం ఒక్కసారి... నువ్వు లేవవనుకున్నాను.”

“నేను, నువ్వు ఆగిపోతావనుకున్నాను.”

ఆమె పర్సు తెరిచింది. మడతల దగ్గర చిరిగిపోవడానికి సిద్ధంగా ఉన్న ఆ మొదటి కాపీ తీసింది. క్రాస్: నిల్.

“నీ కాపీ,” అంది. “పట్టుకో. బరువేం ఉండదు.”

అతను రెండు చేతులతో పట్టుకున్నాడు.

మెట్ల దగ్గర ఇస్త్రీ ఆవిడ ఒంటిచేత్తో గొడుగు విప్పలేక అవస్థ పడుతోంది. ఆమె వెళ్ళి గొడుగు అందుకుని విప్పింది. ఇద్దరూ వానలోకి దిగారు. గొడుగు చిన్నది కావడంతో ఆమె ఎడమ భుజం తడుస్తూనే ఉంది.